అమెరికా పోలీసుకు అండగా నిలిచిన ఆరెంజ్ జ్యూస్ కేసు

2025 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో మహబూబ్‌నగర్ యువకుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాక మన ఇళ్లలో పాత ప్రశ్నే మళ్లీ లేచింది. అక్కడ పోలీసు కాలిస్తే అడిగే దిక్కు ఉండదా? రూమ్మేట్‌ను కత్తితో పొడిచాడని పోలీసులు అన్నారు. సాయం కోసం ఫోన్ చేసింది తమవాడేనని, తనపై జాతి వివక్ష జరుగుతోందని అతను ముందే రాసుకున్నాడని కుటుంబం అంటోంది.

1991లో పోలీసుల చేతిలో చావుదెబ్బలు తిన్న నల్లజాతి వ్యక్తి రాడ్నీ కింగ్ నుంచి 2020లో పోలీసు మోకాలి కింద చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ దాకా కథ అందరికీ తెలిసిందే. కానీ ఇలాంటి కేసులు కోర్టులో ఎందుకు నిలబడవో తెలియాలంటే 1984 నవంబర్ 12న నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లట్‌లో జరిగింది చూడాలి.

డెథార్న్ గ్రాహం నల్లజాతి వ్యక్తి, షుగర్ పేషెంట్. ఇన్సులిన్ వికటించి షుగర్ పడిపోతున్నట్టు అనిపించి, స్నేహితుడి కారులో ఆరెంజ్ జ్యూస్ కోసం షాపుకెళ్లాడు. క్యూ చూసి గబగబా బయటికొచ్చేశాడు. అది చూసిన కానర్ అనే పోలీసుకు అనుమానం వచ్చి కారు ఆపాడు. గ్రాహం కారు చుట్టూ రెండుసార్లు పరిగెత్తి, కూలబడి స్పృహ తప్పాడు. తర్వాత వచ్చిన పోలీసులు తాగి ఉన్నాడని తేల్చేసి బేడీలు వేశారు. పర్సులో డయాబెటిస్ కార్డు ఉంది చూడమంటే నోర్మూసుకోమన్నారు. ముఖాన్ని కారు బానెట్‌కేసి అదిమారు. నలుగురు కలిసి ఎత్తి, తల ముందుగా కారులో పడేశారు. మిత్రుడు తెచ్చిన జ్యూస్ కూడా తాగనివ్వలేదు. షాపులో ఏ నేరమూ జరగలేదని తెలిశాక ఇంటి దగ్గర వదిలేశారు. అతని పాదం విరిగింది.

గ్రాహం పోలీసులపై కేసు వేసి, కింది కోర్టుల్లో ఓడిపోయాడు. 1989 మే 15న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పోలీసు మనసులో దురుద్దేశం ఉందని నిరూపించక్కర్లేదంది. వినడానికి గెలుపే. కానీ దాని స్థానంలో పెట్టిన కొలబద్ద ఏమిటి? అక్కడే ఉన్న 'సహేతుకమైన పోలీసు' కళ్లతో చూడాలి, జరిగిపోయాక తీరిగ్గా కూర్చుని తప్పులు వెతక్కూడదు, క్షణాల్లో నిర్ణయాలు తీసుకోవాల్సి వస్తుందని గుర్తుంచుకోవాలి. మళ్లీ విచారణ జరిగితే జ్యూరీ పోలీసుల పక్షానే నిలిచింది.

నా దృష్టిలో మలుపు ఇదే. ఉద్దేశం అడగక్కర్లేదన్నాక, ఒంటి రంగు ప్రశ్న కూడా కేసులోంచి జారిపోయింది. నల్లవాడు పరిగెత్తితే దొంగ, తూలితే తాగుబోతు అనుకునే కళ్లనే 'సహేతుకం' అంటే ఇక మిగిలేదేముంది? అంతకు నాలుగేళ్ల ముందే, 1985లో, ఇదే కోర్టు ప్రమాదం లేని మనిషి పారిపోతుంటే కాల్చకూడదని గీత గీసింది. అది 1974లో మెంఫిస్‌లో కంచె ఎక్కుతూ తూటాకు బలైన 15 ఏళ్ల నల్లజాతి కుర్రాడి కేసు. ఆ గీత ఎంత స్పష్టమో, 1989 కొలబద్ద అంత సాగే రబ్బరు.

ఇంటింటా తుపాకులున్న దేశంలో తమ ప్రాణభయం నిజమేనని పోలీసు సంఘాలు అంటాయి. కాదనలేం. అయితే కొన్ని కోర్టులు ఆ 'క్షణం' మాటను ఎంత దూరం లాగాయంటే, 2016లో హ్యూస్టన్‌లో టోల్ బాకీల పేరుతో ఆపిన కారు కదలబోతే పోలీసు దాని తలుపు గడప మీదికెక్కి కాల్చిన కేసులో, ఎక్కడానికీ కాల్చడానికీ మధ్య ఉన్న రెండు సెకన్లే చూశాయి. చనిపోయింది నల్లజాతి యువకుడు. సుప్రీంకోర్టు 2025 మే 15న, గ్రాహం తీర్పు వచ్చిన సరిగ్గా 36 ఏళ్లకు, ముందు జరిగిందంతా చూడాల్సిందేనని ఏకగ్రీవంగా చెప్పింది. ప్రమాదాన్ని పోలీసే కొనితెచ్చుకుంటే ఏమిటన్నది మాత్రం తేల్చలేదు. మరో ఆరు రోజులకే ట్రంప్ సర్కారు, ఫ్లాయిడ్ చనిపోయిన మినియాపొలిస్‌తో పాటు లూయీవిల్ నగర పోలీసు శాఖలపై వేసిన కేసులు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది.

ఫ్లాయిడ్ కేసులో శిక్ష పడింది కదా అంటారు. అక్కడ మోకాలు 9 నిమిషాల 29 సెకన్లు మెడ మీదే ఉంది, 'క్షణం' అనడానికి వీల్లేకపోయింది.

కాలిఫోర్నియా సంగతి కొంచెం వేరు. 2020 జనవరి నుంచి అక్కడి రాష్ట్ర చట్టం ప్రకారం ప్రాణం తీసే బలప్రయోగం సహేతుకమైతే చాలదు, అవసరమై ఉండాలి. కాల్పులకు ముందు పోలీసులు ఎలా నడుచుకున్నారో కూడా లెక్కలోకి వస్తుంది. శాంటా క్లారాలో ఫోన్ వెళ్లినప్పటి నుంచి తూటా పేలే దాకా ఏం జరిగిందని అడగడానికి మహబూబ్‌నగర్ కుటుంబానికి ఈ చట్టం గట్టి ఆధారం.