ఘాట్ ఎక్కేటప్పుడే ఎందుకు మిస్ అవుతుంది?

శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ మొదలయ్యేదాకా మా 1997 మారుతి 800 బాగానే వచ్చింది. రెండో మలుపులో ఎక్సలేటర్ తొక్కితే పికప్ లేదు, పైగా ఒకటే జర్కులు. పక్కకు ఆపి చూస్తే న్యూట్రల్‌లో ఇంజన్ హాయిగా తిరుగుతోంది. మెకానిక్కులు 'మిస్సింగ్' అనేది దీన్నే. ఇంటికొచ్చాక గాలిలో పెట్రోల్ కలిపే కార్బొరేటర్‌ను కడిగించాం, పెట్రోల్ ఫిల్టర్ మార్పించాం. డబ్బు ఖర్చయింది గానీ మిస్సింగ్ పోలేదు. సామాన్లు మార్చే ముందు మేం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: సరిగ్గా ఎప్పుడు మిస్ అవుతోంది?

ఇంజన్‌కు గాలి, పెట్రోల్, నిప్పురవ్వ మూడూ కావాలి. న్యూట్రల్‌లో తిరిగేటప్పుడు వాటి అవసరం చాలా తక్కువ. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే కారు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తే గంటకు 5 లీటర్లు కాలుస్తుంది. నిలబెట్టి ఉంచితే అంత చిన్న ఇంజన్‌కు అందులో సుమారు పదో వంతు చాలు. సగం పూడుకుపోయిన ఫిల్టరైనా ఆ పదో వంతును పంపగలదు. ఎత్తు ఎక్కేటప్పుడే దాని లోపం బయటపడుతుంది. అయితే పెట్రోల్ అందకపోతే బలం మెల్లమెల్లగా తగ్గి, కారు నీరసించిపోతుంది. మాకు వచ్చినవి టక్కు టక్కుమనే జర్కులు. అవి నిప్పురవ్వ వైపు చూడమని చెప్పే గుర్తులు.

అసలు విశేషమంతా ఆ నిప్పురవ్వలోనే ఉంది. స్పార్క్ ప్లగ్గు కొనల మధ్య ఖాళీ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ ఖాళీని దాటడానికి ఎంత వోల్టేజి కావాలన్నది ఖాళీ దూరం మీదే కాదు, అక్కడి వాయువు ఒత్తిడి మీద కూడా ఆధారపడుతుందని జర్మన్ భౌతికశాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పాషెన్ 1889లో చూపించారు. ఇంజన్‌లో ఉండే ఒత్తిళ్ళలో, ఒత్తిడి పెరిగేకొద్దీ వోల్టేజి కూడా పెరగాలి. న్యూట్రల్‌లో సిలిండర్‌లోకి వెళ్ళే గాలి కొంచెమే, కాబట్టి కొన్ని వేల వోల్టులతో పని జరుగుతుంది. ఎక్సలేటర్ పూర్తిగా తొక్కితే సిలిండర్ నిండా గాలి చేరి గట్టిగా నొక్కుకుపోతుంది. అప్పుడు 15,000 వోల్టులు దాటినా దాటవచ్చు. ప్లగ్గుకు కరెంటు తెచ్చే పాత వైరు రబ్బరు పగిలి ఉంటే, కరెంటుకు ప్లగ్గు దాకా వెళ్ళడం కంటే ఆ పగులులోంచి పక్కనున్న ఇనుములోకి దూకడమే తేలిక. ఆ ఒక్క సిలిండర్ కాలదు. మూడు సిలిండర్ల కారులో ఒకటి మానేస్తే మూడో వంతు బలం పోయినట్టే.

కొన్ని కార్లలో లక్షణం తిరగబడి ఉంటుంది: న్యూట్రల్‌లో వణికి, వేగం అందుకున్నాక సర్దుకుంటుంది. అప్పుడు మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి మిశ్రమం వెళ్ళే గొట్టం) అతుకు దగ్గరి గాస్కెట్‌లోనో, రబ్బరు గొట్టంలోనో దొంగగాలి లాగుతోందేమో చూడాలి. తొక్కిన క్షణంలోనే తటపటాయిస్తే కార్బొరేటర్‌లోని ఎక్సలరేటర్ పంపును అనుమానించాలి. ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, పెడల్ నొక్కితే లోపల సన్నగా పెట్రోల్ చిమ్మాలి.

మరో మాట. మన బంకుల్లో 2025 నాటికి పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి చేరింది. కిలో పెట్రోల్ కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. కంప్యూటర్ ఉన్న కారు ఆ తేడాను చాలావరకు సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. పాత లెక్కన పోస్తూ పోతే మిశ్రమంలో గాలికి తగినంత ఇంధనం లేక, పికప్ మందగిస్తుంది. ఇథనాల్‌కు తట్టుకోని పాత రబ్బరు పైపులూ మెత్తబడి పాడవుతాయి. పాత కారు ఉన్నవాళ్ళు ఈ పైపులను తప్పకుండా చూసుకోవాలి, ఎందుకంటే కారితే మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.

మా కారుకు తిరిగొస్తే, ఇంజన్ చల్లారాక మూడు ప్లగ్గులూ విప్పి వరసగా పెట్టాను. మూడూ ఒకేలా నల్లబడి ఉంటే లోపం అన్నిటికీ ఉమ్మడిగా ఉండే చోట వెతకాలి. కానీ రెండు లేత గోధుమ రంగులో శుభ్రంగా ఉన్నాయి. మూడోది తడిగా, నల్లగా, పెట్రోల్ వాసన కొడుతోంది. అంటే ఆ సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా కాలడం లేదు.

చీకటి పడ్డాక కారును ఆరుబయట పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బానెట్ ఎత్తాం. ఎవరమూ వైర్లను ముట్టుకోలేదు. న్యూట్రల్‌లో తిరుగుతున్నంతసేపూ ఏమీ కనబడలేదు. "ఒక్కసారి గట్టిగా తొక్కి వదలరా" అన్నాను మా తమ్ముడితో. తొక్కిన క్షణంలో మూడో ప్లగ్గు వైరు పక్కన నీలంగా మెరిసింది. "అన్నయ్యా, ఏమైనా కనబడిందా?" అని లోపల్నుంచి అడుగుతూ మళ్ళీ తొక్కాడు. మళ్ళీ అక్కడే మెరిసింది.

మర్నాడు ఆ వైరు తీసి చూస్తే, ఇంజన్‌కు ఆనిన చోట రబ్బరు మీద వెంట్రుకంత పగులు, దాని చుట్టూ తెల్లటి మచ్చ. మిగతా వైర్ల వయసూ అంతే కాబట్టి సెట్ మొత్తం మార్చాం.