పెళ్లిలో హెవీ మెటల్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పెళ్లిళ్లకు సౌండు, సంగీతం చూసే మా పనిలో పాటల జాబితా దగ్గర ఇరు కుటుంబాల మధ్య మాట పట్టింపులు రావడం కొత్తేమీ కాదు. ఆ జాబితాలో హెవీ మెటల్ అనే, గిటారు గరగరతో, బరువైన డ్రమ్ములతో సాగే రాక్ సంగీతం కనిపిస్తే మాత్రం చర్చ పాటల మీద నుంచి పిల్లల పెంపకం మీదకు పోతుంది. 2011 అక్టోబరులో అమెరికా మెటల్ బృందం మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కచేరీ చేసినప్పుడు రాత్రి బస్సెక్కి వెళ్లిన కుర్రాళ్లు ఇప్పుడు పెళ్లిపీటల మీద కూర్చుంటున్నారు. తాము పెరిగిన సంగీతం తమ పెళ్లిలో కాసేపైనా వినబడాలని వారు కోరుకోవడంలో తప్పు లేదు, పెద్దల అభ్యంతరాలన్నీ చాదస్తమూ కాదు. అయితే ఆ అభ్యంతరాల్లో ఎక్కువ భాగం మెటల్‌కు సంబంధించినవి కావని, హాలుకు, వేళకు, పాట ఎంపికకు సంబంధించినవని ఈ పనిలో ఉన్నవారికి తెలుస్తుంది.

అపోహ: మెటల్ అంటేనే చెవులు పగిలే శబ్దం.

వాస్తవం: శబ్దం ఎంత ఉండాలో నిర్ణయించేది సౌండు మిక్సర్ మీద ఉన్న చెయ్యి. మెటల్ గిటారులో వినిపించే గరగర వేరు, శబ్ద తీవ్రత వేరు. సిగ్నల్‌ను ఆంప్లిఫయర్ భరించగలిగే హద్దు దాటించి, దాని తరంగాల కొనలను కత్తిరించినప్పుడు పుట్టే అదనపు స్వరాంశాలే ఆ గరగర. తక్కువ వాల్యూమ్‌లో వాయించినా అది అలాగే ఉంటుంది. అయితే ఈ ప్రక్రియలో గట్టి, మెల్లని శబ్దాల మధ్య తేడా తగ్గిపోయి, శబ్దం ఎడతెగకుండా ఒకే స్థాయిలో నిలబడుతుంది. అందువల్ల మీటరు మీద ఒకే అంకె కనిపిస్తున్నా సినిమా పాట కంటే మెటల్ పాట ఎక్కువ అలసట కలిగిస్తుంది. మా లెక్కలో సినిమా పాట తర్వాత మెటల్ పాట వచ్చినప్పుడు మిక్సర్ మీద శబ్దం పెంచి తగ్గించే మీట (ఫేడర్) కొద్దిగా కిందికి రావాలి. 2008లో మెటాలికా విడుదల చేసిన డెత్ మాగ్నెటిక్ ఆల్బమ్‌ను గట్టి, మెల్లని శబ్దాల తేడా పోయేలా మితిమీరి నొక్కి రికార్డు చేశారని అభిమానులే గొడవ చేశారు. అలాంటి రికార్డింగుల కంటే 1980లలో సిద్ధం చేసిన ప్రతులు (మాస్టర్లు) హాల్లో సుఖంగా వినిపిస్తాయి.

శబ్దమే అభ్యంతరమైతే మన మంగళవాద్యాన్ని కూడా తలచుకోవాలి. మాంగల్యధారణ వేళ మోగే గట్టిమేళం ఉద్దేశమే తుమ్ములు, ఏడుపులు, అశుభమని భావించే ఇతర శబ్దాలు చెవిన పడకుండా కప్పివేయడం. కచేరీల వంటి వేదికలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం ఏ 15 నిమిషాల సగటు శబ్దమూ 100 డెసిబెల్స్ దాటకూడదు. పసిపిల్లలు, వృద్ధులు కూర్చునే పెళ్లి హాలుకు ఆ హద్దు కూడా ఎక్కువే. ముందు వరుస కుర్చీల దగ్గర 90 దాటనివ్వకపోవడం మంచిదని మా అభిప్రాయం.

అపోహ: హాలు పెద్దదై, స్పీకర్లు ఖరీదైనవైతే ఏ మెటల్ పాటైనా అదిరిపోతుంది.

వాస్తవం: పెళ్లిలో మెటల్ విఫలమైన సందర్భాల్లో అసలు కారణం చాలాసార్లు ఇదే, కానీ దీని గురించి ఎవరూ మాట్లాడరు. మన కన్వెన్షన్ హాళ్లలో నేల గ్రానైటు లేదా పాలరాయి, గోడలు అద్దాలు, పైకప్పు ప్లాస్టర్ ఆఫ్ పారిస్. వాటికి తగిలిన శబ్దం త్వరగా చావదు. ఖాళీ హాల్లో చప్పట్లు కొడితే ఆ మోత రెండు సెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు తిరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు మెటల్‌లో వేగమైన శాఖ అయిన థ్రాష్ మెటల్ పాట సంగతి చూడండి. నిమిషానికి 200 తాళపు దెబ్బల వేగంలో డ్రమ్మర్ రెండు కాళ్లతో బాస్ డ్రమ్ మీద ఒక్కో తాళపు దెబ్బకు నాలుగు చొప్పున వేస్తే సెకనుకు 13కు పైగా దెబ్బలు పడతాయి, అంటే రెండింటి మధ్య ఎడం 75 మిల్లీసెకన్లు. మొదటి దెబ్బ మోత ఇంకా హాల్లో ఉండగానే తర్వాతివి ఇరవైకి పైగా వచ్చి దాని మీద పడతాయి. ఇయర్‌ఫోన్లలో అద్భుతంగా వినిపించిన ఆ పాట హాల్లో జనరేటర్ మోతలా తేలుతుంది, ‘గోల’ అన్న పెద్దల మాట ఆ హాలు వరకు అక్షరాలా నిజమవుతుంది.

అందుకని ఇలాంటి హాలుకు పాట ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది వేగం, దెబ్బల మధ్య ఉన్న ఎడం. నిమిషానికి 200 దాటి పరుగెత్తే మెటాలికా పాట మాస్టర్ ఆఫ్ పపెట్స్ ఇక్కడ నిలబడదు. నిమిషానికి 120కి కాస్త పైన నడిచే వారిదే ఎంటర్ శాండ్‌మన్ చక్కగా నిలబడుతుంది. బ్రిటిష్ బృందం బ్లాక్ సబ్బాత్ పాటల్లో ఐరన్ మ్యాన్ వంటి నింపాది నడకవి రాతి హాలు కోసమే కట్టినట్టు ఉంటాయి. జనం నిండాక వారి ఒళ్లు, పట్టుచీరలు, మండపం గుడ్డలు కొంత శబ్దాన్ని పీల్చుకుంటాయి గానీ, అవి పీల్చేది పై స్థాయి శబ్దాలనే. కింది స్థాయి (బాస్) మోత అలాగే మిగులుతుంది. కనుక స్పీకర్లను పైకప్పు వైపు కాక మనుషుల వైపు వంచాలి, 200 నుంచి 400 హెర్ట్జ్ ప్రాంతంలో కొంత తగ్గించాలి, బాస్ శబ్దాలిచ్చే సబ్‌వూఫర్లను మూలల్లో గోడకు ఆనించకూడదు. వేగమైన పాటలు తప్పదంటే శంషాబాద్, మొయినాబాద్ వైపు ఆరుబయట పచ్చికలో చేసే సంగీత్‌కు వాటిని దాచుకోవడం తెలివైన పని, ఎందుకంటే అక్కడ తిరిగి వచ్చే మోత ఉండదు.

అపోహ: మెటల్ అంతా సైతాను సంగీతం, శుభకార్యంలో వినకూడదు.

వాస్తవం: ఇది సగం నిజం. 1970లో తొలి ఆల్బమ్ తెచ్చిన బ్లాక్ సబ్బాత్ బర్మింగ్‌హామ్ కార్మిక కుటుంబాల పిల్లల బృందం. దాని గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి వేళ్ల కొనలు పోగొట్టుకున్నవాడు. చీకటి వేషం వేసుకున్న ఆ బృందమే 1971లో దేవుడి మీద నమ్మకాన్ని సమర్థిస్తూ ఆఫ్టర్ ఫరెవర్ పాడింది. మరోవైపు 1990ల తొలినాళ్లలో నార్వే బ్లాక్ మెటల్ బృందాలకు చెందిన కొందరు నిజంగానే చర్చిలను తగలబెట్టారు, ఆ ధోరణి పాటల్లో దైవదూషణ దాపరికం లేకుండా ఉంటుంది. మెటల్‌లో ఏ శాఖ అన్నది అడగకుండా తీర్పు చెప్పడం కుదరదు.

పెళ్లి హాల్లో అసలు గొడవ పాట వల్ల కాక తెర వల్ల వస్తుంది. వధూవరుల ఫొటోలు చూపించే ఎల్‌ఈడీ తెరకు పాటలు వేసే ల్యాప్‌టాప్‌నే కలిపినప్పుడు, పాట మారగానే ప్లేయర్ ఆల్బమ్ అట్టబొమ్మను ఇరవై అడుగుల ఎత్తున చూపిస్తుంది. బ్రిటిష్ బృందం ఐరన్ మెయిడెన్ వారి అట్టల మీది అస్థిపంజరం ఎడ్డీ తాంబూలాలు పుచ్చుకుంటున్న ముత్తయిదువుల వెనుక ప్రత్యక్షమైతే, ఆ పాటలో ఎంత మంచి మాట ఉన్నా వినేవారుండరు. తెరకు వేరే ల్యాప్‌టాప్ పెట్టించండి.

అపోహ: మెటల్ బృందాల మెల్లని పాటలన్నీ ప్రేమ పాటలే, వాటిని కళ్లు మూసుకుని వేసుకోవచ్చు.

వాస్తవం: ఈ పొరపాటు పెద్దలు చేయరు, మెటల్ వినే స్నేహితులే చేస్తారు. మెటాలికా 1984 నాటి ఫేడ్ టు బ్లాక్ మృదువుగా మొదలవుతుంది, విషయం ఆత్మహత్య ఆలోచన. జర్మన్ బృందం స్కార్పియన్స్ వారి స్టిల్ లవింగ్ యూ చేజారిన ప్రేమను తిరిగి అడుక్కునే పాట. బ్లాక్ సబ్బాత్ 1972లో పియానో మీద పాడిన ఛేంజెస్‌కు మూలం డ్రమ్మర్ బిల్ వార్డ్ కాపురం కూలిపోవడం. గన్స్ ఎన్ రోజెస్ వారి నవంబర్ రెయిన్‌ను మెటల్ అనాలా వద్దా అన్న వాదన అలా ఉంచితే, దాని వీడియోలో పెళ్లి ఉంటుంది, చివరికి అదే పెళ్లికూతురి అంత్యక్రియలూ ఉంటాయి. పదాలు లేవు కదా, భయం లేదని మెటాలికా వాద్య రచన ఓరియన్ ఎంచుకునేవారికి మరో సంగతి: 1986లో బస్సు ప్రమాదంలో పోయిన మెటాలికా బాసిస్టు క్లిఫ్ బర్టన్ సంస్మరణలో వినిపించినది అదే. అతిథుల్లో ఒక్క అభిమాని ఉన్నా అతనికి గుర్తుకొచ్చేది అదే.

నిర్భయంగా వేసుకోదగినవి లేకపోలేదు. నథింగ్ ఎల్స్ మాటర్స్‌ను మెటాలికా గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ ప్రియురాలికి దూరంగా ఉన్న రోజుల్లో ఆమె కోసమే అల్లుకున్నాడు. బ్లాక్ సబ్బాత్ తొలి గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ 1991లో పాడిన మామా ఐయామ్ కమింగ్ హోమ్ భార్య షారన్‌ను ఉద్దేశించినది. సబ్రా కడాబ్రా అన్న వింత పేరుతో 1973లో వచ్చిన బ్లాక్ సబ్బాత్ పాట నిఖార్సైన ప్రేమ సంబరం, అయినా దాన్ని అడిగేవారు తక్కువ. భోజనాల వేళకు ఫిన్లాండ్ బృందం అపోకలిప్టికా 1996లో నాలుగు చెల్లోల (పెద్ద వయొలిన్ వంటి వాద్యాల) మీద వాయించిన మెటాలికా పాటలు సరిపోతాయి. పప్పు వడ్డించుకుంటున్న మామయ్యలకు అది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలా ఉంటుంది, స్నేహితుల బల్ల దగ్గర మాత్రం తలలు ఊగుతుంటాయి.

అపోహ: మన సన్నాయికీ, మెటల్ గిటారుకూ పొత్తు కుదరదు.

వాస్తవం: మెటల్ గిటారిస్టులు విరివిగా వాడే హార్మోనిక్ మైనర్ స్వరక్రమం మన కీరవాణి, దాని ఐదో స్వరం నుంచి మొదలుపెడితే వచ్చేది వకుళాభరణం, ఫ్రిజియన్ అనే పాశ్చాత్య స్వరక్రమం తోడి. సన్నాయి విద్వాంసుడికి ఒక రిఫ్ (పదే పదే తిరిగివచ్చే గిటారు వరుస) వినిపిస్తే స్వరాలు ఆయనే చెబుతారు. చిక్కు శ్రుతి దగ్గర వస్తుంది. సన్నాయి శ్రుతి వాద్యంతోనే స్థిరపడి ఉంటుంది, అటూ ఇటూ జరగడానికి చోటు తక్కువ. గిటారు తీగలను మాత్రం ఎంతైనా సడలించవచ్చు, మెటల్‌లో అది మామూలే. కనుక గిటారిస్టే ముందురోజు వచ్చి సన్నాయి షడ్జమానికి తీగలు సరిచేసుకోవాలి. తాళంలో ఇబ్బంది లేదు, సాధారణ మెటల్ నడక ఆదితాళంలో ఇట్టే ఇముడుతుంది. ఢిల్లీ బృందం బ్లడీవుడ్ ఢోలును మెటల్‌తో కలిపి విదేశీ వేదికల మీద వాయిస్తున్నది.

అపోహ: మన పెళ్లి, మన ఇష్టం, ఏ ఘట్టంలోనైనా వేసుకోవచ్చు.

వాస్తవం: జీలకర్ర బెల్లం నుంచి మాంగల్యధారణ వరకు ఆ వేళ పురోహితుడిది, మేళగాళ్లది, అక్కడ రికార్డు పాట ఏదీ పెట్టవద్దనే చెబుతాము, అది అన్నమయ్య కీర్తనైనా సరే. అప్పగింతల దగ్గర కూడా వద్దు. మెటల్‌కు తగిన చోట్లు వరుడి ఊరేగింపు, సంగీత్, రిసెప్షన్‌లో వధూవరుల ప్రవేశం, భోజనాల తర్వాత పెద్దలు సెలవు తీసుకున్నాక మిగిలే చివరి అరగంట. ప్రవేశానికి ఎంచుకుంటే గుమ్మం నుంచి వేదిక వరకు నడకకు ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూసుకోండి. ఎంటర్ శాండ్‌మన్‌లో గొంతు వినబడటానికి ముందు దాదాపు నిమిషం సేపు వాద్యాలే మెల్లగా పెరుగుతాయి, పట్టుచీరతో, పూలజడతో నెమ్మదిగా నడిచే వధువుకు ఆ నిమిషం సరిగ్గా అతుకుతుంది. ఐదారు నిమిషాల పాటను ఎక్కడ ఆపాలో ముందే గుర్తు పెట్టి ఇవ్వకపోతే, ఫొటోగ్రాఫర్ తొందరలో ఎవరో ఒకరు గిటారు సోలో మధ్యలో కట్ చేస్తారు.

అపోహ: పర్మిషన్ ఉంటే తెల్లవార్లూ వాయించుకోవచ్చు.

వాస్తవం: శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు, వాద్యాలు నిషిద్ధం. నాలుగు గోడలు మూసి ఉన్న బాంక్వెట్ హాళ్లకు మినహాయింపు ఉంది గానీ, నివాస ప్రాంతంలో రాత్రి శబ్దానికి 45 డెసిబెల్స్ పరిమితి పొరుగువారి పక్షాన ఉంటుంది. ఇక్కడ మెటల్‌కు ఒక ప్రత్యేక సమస్య ఉంది. ఈ కొలత చెవి స్వభావాన్ని అనుసరించి బాస్‌ను తక్కువ చేసి లెక్కిస్తుంది, గోడలు దాటి పొరుగింటి కిటికీలను అదిరించేది మాత్రం ఆ బాసే. మీటరు అంకె సరిగ్గానే ఉన్నా ఫోన్ వెళ్లేది పోలీసులకే కాబట్టి, పది కాగానే సబ్‌వూఫర్లు ఆపివేయడం మా పద్ధతి.

కాపీరైటు విషయంలో 1957 నాటి చట్టంలోని 52(1)(జడ్‌ఏ) నిబంధన మతపరమైన వేడుకల్లో సంగీతం వినిపించడాన్ని ఉల్లంఘనగా చూడదు. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర సామాజిక వేడుకలు అందులో చేరతాయని వివరణ కూడా ఉంది. అయినా కొన్ని హోటళ్లు లైసెన్సు రశీదు అడుగుతాయి, కనుక అడ్వాన్సు ఇచ్చే ముందే ఒప్పందంలో ఆ పంక్తి చదివి మాట్లాడుకోండి. పాటలను కొని, ఫైళ్లుగా పెన్‌డ్రైవ్‌లో, రాసిన వరుసలో ఇవ్వండి. బేస్‌మెంట్ హాల్లో సిగ్నల్ ఉండదు.