రిమ్‌స్కీ-కోర్సకోవ్: అపోహలు - వాస్తవాలు

పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ నేర్పడం నా వృత్తి కాబట్టి, నికొలాయ్ రిమ్‌స్కీ-కోర్సకోవ్ పేరు మా తరగతిలో తరచుగా వినిపిస్తుంది. ఆ పేరు వెంటే కొన్ని అపోహలూ వస్తుంటాయి. 1844లో రష్యాలోని తిఖ్విన్‌లో పుట్టిన ఈ స్వరకర్త పదిహేను ఒపేరాలు (పాటలతో నడిచే సంగీత నాటకాలు) రాశారు. 1871 నుంచి 1908లో మరణించేదాకా, మధ్యలో కొన్ని నెలలు తప్ప, సెయింట్ పీటర్స్‌బర్గ్ కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, పాఠాలు చెప్పారు. ఆయనలోని ఈ ఉపాధ్యాయుణ్ణి మరచిపోవడం వల్లనే అపోహలు చాలావరకు పుట్టాయని నా అభిప్రాయం.

అపోహ: ‘గండుతుమ్మెద విహారం’ వయొలిన్ వేగాన్ని చాటడానికి రాసిన రచన.

ఇది 1900లో మొదటిసారి ప్రదర్శితమైన ‘జార్ సాల్తాన్ కథ’ అనే ఒపేరాలోని చిన్న ఘట్టం. రష్యన్ కవి పూష్కిన్ కథాకావ్యం దానికి ఆధారం. తండ్రి కొలువుకు ఎవరికీ తెలియకుండా వెళ్లాలనుకున్న గ్విదోన్ రాకుమారుణ్ణి హంసరూపంలో ఉన్న రాకుమారి తుమ్మెదగా మారుస్తుంది. ఆ సమయంలో ఆమె పాడుతుండగానే ఆర్కెస్ట్రాలో ఈ ఝంకారం మొదలవుతుంది. ఒంటరి వాద్యకారుడు ఊపిరి బిగబట్టి పరుగెత్తించే రూపాలన్నీ ఇతరులు తరువాత చేసుకున్నవి. మా విద్యార్థి ఒకడు లయ వేగాన్ని చూపే మెట్రోనోమ్‌ను ప్రతిరోజూ రెండేసి అంకెలు పెంచుకుంటూ వచ్చి, నెల తిరిగేసరికి మణికట్టు నొప్పి తెచ్చుకున్నాడు. ప్రతి అరస్వరం విడివిడిగా వినిపించేంత నిదానంగా వాయించమంటే, తుమ్మెద నడుస్తుందా అని నన్నే అడిగాడు.

అపోహ: ఆయన మొదటి నుంచీ శాస్త్రం క్షుణ్ణంగా చదువుకున్న పండితుడు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన అపోహ ఇదే, ఎందుకంటే వాస్తవం దీనికి పూర్తిగా ఎదురుగా నిలుస్తుంది. ఆయన చదివింది నౌకాదళ పాఠశాలలో. 1862 నుంచి 1865 దాకా ‘అల్మాజ్’ అనే ఓడలో తిరిగారు. సంగీతంలో స్వరకర్త బలాకిరేవ్ బృందంలోని మిత్రుల ప్రోత్సాహమే ఆయనకు బడి. 1871లో కన్సర్వేటరీ అధిపతి అజంచెవ్‌స్కీ ఆచార్య పదవికి పిలిచేనాటికి ఆయన వయసు 27 ఏళ్లు. అప్పటికే సింఫనీ రాసి పేరు తెచ్చుకున్నా, ఒక కీర్తనకు పద్ధతి ప్రకారం హార్మనీ (తోడు స్వరాలు) కూర్చడం తనకు రాదని, కౌంటర్‌పాయింట్ (ఒకేసారి నడిచే వేర్వేరు బాణీలను అల్లడం) అభ్యాసం ఒక్కటైనా చేయలేదని, కొన్ని కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) పేర్లు కూడా తెలియవని ఆయనే తన ఆత్మకథలో నిస్సంకోచంగా ఒప్పుకున్నారు. విద్యార్థులకు చెప్పాల్సిన పాఠాన్ని ముందుగా తాను నేర్చుకుంటూ, అర్హత లేకుండా ఆచార్యుడినై చేరి చివరికి ఆ కన్సర్వేటరీకి బహుశా అత్యుత్తమ విద్యార్థినయ్యానని చమత్కరించారు.

ఆ శ్రమ మాటలతో సరిపెట్టినది కాదు. 1873లో నౌకాదళ బ్యాండ్లకు పర్యవేక్షకుడిగా నియమితులైనప్పుడు ట్రాంబోన్, క్లారినెట్, ఫ్లూట్ వంటివి తెప్పించుకుని, ఏ స్వరానికి ఏ వేలు పడుతుందో తానే ఊది చూసి తెలుసుకున్నారు. వేసవి విడిదిలో ఆ అభ్యాసాన్ని ఇరుగుపొరుగువారు ఎలా భరించారో మరి! 1875లో ఒక్క వేసవిలోనే అరవైకి పైగా ఫ్యూగులు (ఒకే బాణీని పలు గళాలు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచనలు) రాశారని తెలుసుకున్న స్వరకర్త చైకోవ్‌స్కీ, అంత వినయానికీ పట్టుదలకూ తలవంచి నమస్కరిస్తున్నానని ఆయనకు ఉత్తరం రాశారు. 1888 నాటి ‘షెహరజాద్’ అనే ఆర్కెస్ట్రా రచనలో హార్ప్ తోడుగా ఒంటరి వయొలిన్ కథ మొదలుపెట్టే చోటు ఎంత సహజంగా వినిపించినా, దాని వెనుక ఇన్నేళ్ల హోమ్‌వర్క్ ఉంది.

అపోహ: మిత్రుడైన స్వరకర్త ముసోర్గ్‌స్కీ రచనలను ఆయన పాడుచేశారు.

ఇందులో సగం నిజం ఉంది కనుకనే ఇది ఇంతకాలం నిలిచింది. 1881లో ముసోర్గ్‌స్కీ మరణించాక మిగిలిన రాతప్రతులను ఆయన ప్రతిఫలం ఆశించకుండా సవరించి ప్రచురణకు సిద్ధం చేశారు. ‘బోరిస్ గొదునోవ్’ ఒపేరాలో కరుకుగా ఉన్న స్వరసమ్మేళనాలను నునుపు చేసి, లయలను, శ్రుతులను మార్చారు. ఎర్రసిరా చేతబట్టిన మాస్టారి అలవాటు అది. నాకైతే మూలంలోని ఆ కరుకుదనమే ఇష్టం. కానీ 1908లో గాయకుడు షల్యాపిన్ గళంతో పారిస్‌ను కుదిపేసింది ఆయన సవరించిన ప్రతే. పైగా మూలప్రతిని తాను నాశనం చేయలేదని, కావాలనుకున్న తరం దానికే తిరిగి వెళ్లవచ్చని ఆయన స్పష్టం చేశారు. ఈనాడు జరుగుతున్నది అదే.

అపోహ: ‘సద్కో’ ఒపేరాలోని భారతీయ అతిథి పాటలో మన రాగం ఉంది.

అలాంటిదేమీ లేదు. ‘అల్మాజ్’ ఓడ న్యూయార్క్, రియో దాకా వెళ్లింది గానీ భారతదేశానికి రాలేదు. రష్యాలోని నొవ్‌గొరోద్ నగరపు రేవులో ఒక వర్తకుడు తన దేశపు వజ్రాలను, ముత్యాలను తలచుకుంటూ పాడే ఆ పాటలో, పక్కపక్క అరస్వరాల మీదుగా వరుసగా జారే నడక యూరప్ ఊహించుకున్న తూర్పుదేశానికి గుర్తు. కర్ణాటక సంగీతం విన్న చెవితో మేళకర్త కోసం వెతికితే దొరకదు. పాట మాత్రం ఎంతో మధురంగా ఉంటుంది.

అపోహ: స్వరకర్త స్ట్రావిన్‌స్కీ కన్సర్వేటరీలో ఆయన విద్యార్థి.

స్ట్రావిన్‌స్కీ ఆయన దగ్గర ఇంట్లో నేర్చుకున్నారు. కన్సర్వేటరీలో చేరవద్దని సలహా ఇచ్చింది కూడా గురువే. మరో స్వరకర్త గ్లజునోవ్‌కు కూడా ఆయన ఇంట్లోనే పాఠాలు చెప్పారు. స్వరకర్తలు ల్యాదోవ్, ప్రొకోఫియెవ్, మ్యస్కోవ్‌స్కీ మాత్రం తరగతి గదిలో కూర్చున్నవారే.

అపోహ: ఆయన ప్రభుత్వ కొలువుకు కట్టుబడిన, గొడవలకు పోని ఆచార్యుడు.

1905 విప్లవకాలంలో సమ్మె చేసిన విద్యార్థుల పక్షాన పత్రికకు బహిరంగ లేఖ రాసినందుకు ఆయన్ను కన్సర్వేటరీ నుంచి తొలగించారు. నిరసనగా గ్లజునోవ్, ల్యాదోవ్ రాజీనామా చేశారు. కొద్దిరోజులకే విద్యార్థులు ఆయన ఒపేరా ‘మృత్యువులేని కష్చేయ్’ని ప్రదర్శించారు. ఆట ముగిశాక ఆయన్ను అభినందిస్తూ ప్రసంగాలు మొదలై సభ రాజకీయ నిరసనగా మారుతుండగా, పోలీసులు వేదిక మీదికి ఇనుప తెర దింపించారు. కొంతకాలం ఆయన రచనల ప్రదర్శనపై నిషేధం కూడా విధించారు. ఆ నెలల్లో పాఠాలు ఆయన ఇంట్లోనే సాగాయి. డిసెంబరులో గ్లజునోవ్ కన్సర్వేటరీ అధిపతిగా ఎన్నికయ్యాక, గురువు తన పాత తరగతికి తిరిగి వచ్చారు.