చిల్లు చిన్నదే కదా అనుకుంటే: పాత కారు తుప్పు, వెల్డింగ్‌పై అపోహలు – వాస్తవాలు

ఆదివారం విజయవాడ ఆటోనగర్‌లో చాలా షెడ్లు మూసే ఉంటాయి. నా షెడ్డుకు మాత్రం ఆ రోజే మనుషులు ఎక్కువ. బండి బాగు చేయించుకోవడానికి కాదు, వెల్డింగ్ నేర్చుకోవడానికి వస్తారు. ఎక్కువ మంది ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లు. ఇంట్లో నాన్న కొన్న మారుతి 800 ఉంటుంది, లేదా తాతయ్య అంబాసిడర్. అమ్మబుద్ధి కాదు, టింకరింగ్ మేస్త్రి చెప్పిన రేటు ఇవ్వబుద్ధీ కాదు. రాగానే "అన్నా, రెండు వారాల్లో వచ్చేస్తుందా?" అంటారు. చెయ్యి తిరగడం సంగతి తర్వాత. ముందు వాళ్లు మనసులో పెట్టుకుని వచ్చిన మాటలు కొన్ని వదిలించాలి.

అపోహ: చిల్లు రూపాయి బిళ్లంత ఉంటే అతుకూ అంతే.

కారు రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. పైన పెయింట్ పొక్కు లేచి మనకు కనిపించేసరికి లోపల చాలాకాలంగా తినేసి ఉంటుంది. పాత స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకుని, డోర్ల కింద పొడవునా ఉండే బాక్సు మీద, వెనక చక్రం గూడు అంచున, ఫ్లోర్ మ్యాట్ ఎత్తి కాళ్లు పెట్టే చోట కాస్త గట్టిగా పొడిచి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు రేకు అప్పడంలా లోపలికి పోతుంది. పొడిచిన ప్రతిచోటా ఖంగుమనే దాకా కోసెయ్యాలి. రూపాయి బిళ్లతో మొదలైన పని విస్తరాకంత అవుతుంది. ఇక్కడే చాలామంది భయపడి కోయడం ఆపేస్తారు. పాత కార్ల రేకు కొత్తలోనే సుమారు 0.7 నుంచి 0.9 మిల్లీమీటర్ల మందం. తుప్పు తిన్నాక అందులో సగం కూడా మిగలదు. దాని మీద వెల్డింగ్ టార్చ్ పెట్టగానే అతకదు సరికదా, కళ్లముందే కరిగి చిల్లు పెద్దదవుతుంది. అప్పుడు మెషీన్‌ని తిట్టుకుంటారు.

రెండు రోజుల పనిలో అసలు వెల్డింగ్ గంటో, గంటన్నరో ఉంటుంది. మిగతాదంతా కొయ్యడం, గ్రైండర్‌తో మెరిసే దాకా గీకడం, అట్టముక్కతో కొలత తీసి కొత్త రేకు వంచి కూర్చోబెట్టడం. అతుకు బాగా కూర్చుంటే వెల్డింగ్ పని సగం తేలికవుతుంది. మా మేస్త్రిగారు నాకు ఏడాదిపాటు టార్చ్ ఇవ్వలేదు, రేకు కోయించారు. అప్పట్లో కోపంగా ఉండేది.

అపోహ: మనకు సముద్రం లేదు, బెజవాడ బండికి తుప్పు రాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగాక ఈ మాట అనేవాళ్లు తగ్గారు. వరదనీటిలో నిలబడ్డ కార్లలో ఇంజిన్, సీట్లు, వైరింగ్ బాగు చేయించుకున్నారు. డోర్ల కింద బాక్సుల్లో చేరిన బురద సంగతి ఎవరూ చూడలేదు. ఆ ఒండ్రు ఎండినట్టే ఉంటుంది, ప్రతి వానకీ మళ్లీ నాని తడిని పట్టి ఉంచుతుంది. మీది మునిగిన బండి అయితే వెల్డింగ్ కంటే ముందు ఆ బాక్సుల్లోకి నీళ్ల పైపు పెట్టి, బయటికి తేటనీరు వచ్చే దాకా కడగండి.

అపోహ: వెల్డింగ్ అంటే వెల్డింగే, ఇంట్లో గేటుకు వాడిన ఆర్క్ మెషీన్ చాలు.

గేటు పైపు వేరు, కారు రేకు వేరు. రాడ్డు వెల్డింగ్‌లో వేడి ఎక్కువ. రెండు మిల్లీమీటర్లు, ఆపైన మందమున్న బ్రాకెట్లకు, జీపు ఛాసీకి, అంటే బండి బరువు మోసే చట్రానికి, అది బాగుంటుంది. ఒక మిల్లీమీటరు కూడా లేని రేకు మీద కొత్తవాడు రాడ్డు పెడితే చిల్లులే. పాత మేస్త్రులు గ్యాస్ వెల్డింగ్‌తో అద్భుతంగా అతికేవారు, కాదనను. కానీ ఆ మంట వేడి చుట్టూ పాకి రేకు అలలుగా లేస్తుంది. దాన్ని సుత్తి, డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ)తో మళ్లీ దారికి తేవడం వేరే విద్య. నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది వైరు దానంతటదే బయటికొచ్చే మిగ్ మెషీన్, మన దగ్గర సీఓటూ వెల్డింగ్ అంటారే, అది. 0.6 లేదా 0.8 మిల్లీమీటర్ల వైరు. ఉత్త సీఓటూ కన్నా ఆర్గాన్ కలిపిన గ్యాస్ అయితే నిప్పురవ్వలు తగ్గి, పలచని రేకు మీద చెయ్యి బాగా నిలుస్తుంది. కరెంటు 30 నుంచి 50 ఆంప్స్ మధ్య మొదలుపెట్టి, మీ మెషీన్‌కు తగ్గట్టు సరిచేసుకోవాలి. సెట్టింగ్ కుదిరిందో లేదో చెవికే తెలుస్తుంది: తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు ఒకే తీరుగా మోగాలి. టప్ టప్‌మని ఆగి ఆగి పేలుతుంటే వైరు వేగమో, వోల్టేజో తేడా ఉన్నట్టే.

"గ్యాస్ అక్కర్లేదు" అని తక్కువ ధరకు అమ్మే ఫ్లక్స్ వైరు (లోపల పొడి నింపిన వైరు) మెషీన్లు కారు రేకుకి నేర్చుకునే దశలో వద్దు. వేడి ఎక్కువ, పైన చిట్టెం కడుతుంది, కింద ఏం జరిగిందో కనిపించదు.

ఏ మెషీన్ అయినా మొదటి నెల మీ బండి జోలికి వెళ్లకండి. తుక్కు కొట్టులో పాత బానెట్ ఒకటి కొనుక్కోండి. రెండు ముక్కలు అతికి వైసులో బిగించి మడవండి. అతుకు దగ్గర తెగితే మీరింకా నేర్చుకోవాలి. పక్కన రేకు చిరిగితే పర్వాలేదు.

అపోహ: పొడుగ్గా ఒకే గీత లాగితేనే గట్టి.

పలచని రేకు మీద అలా లాగితే రేకు వేడెక్కి, వంకరపోయి అరటాకులా ముడుచుకుంటుంది. ఒక చుక్క ఈ చివర, ఒక చుక్క ఆ చివర, ఇంకోటి మధ్యలో. మధ్యమధ్య వేలు పెట్టగలిగేంత చల్లారనివ్వాలి. చుక్కలు కలిసి గీత అయ్యేసరికి టీ రెండుసార్లు తాగుతారు. అతుకు వెనకాల రాగి పలక ఆనిస్తే వేడిని అది లాక్కుంటుంది, వెల్డ్ దానికి అంటుకోదు.

అపోహ: పని చేసేటప్పుడు ఫ్యాన్ ఉంటే మంచిది.

మే నెలలో బెజవాడ షెడ్డులో ఫ్యాన్ లేకుండా కూర్చోమంటే శిక్షే. కానీ పెడెస్టల్ ఫ్యాన్ గాలి టార్చ్ దగ్గరి గ్యాస్‌ని ఎగరగొట్టేస్తుంది. అప్పుడు వెల్డ్ గుల్లగుల్లగా, స్పాంజిలా వస్తుంది. మెషీన్ పాడైందని నా దగ్గరికి తెచ్చినవాళ్లలో కొందరికి నేను చేసిన రిపేరు ఫ్యాన్ స్విచ్ ఆపడమే. తెల్లవారుజామున పని పెట్టుకోండి. పొగ బయటికి పోవడానికి తలుపులు తెరిచి, గాలి మీ వెనక నుంచి కాకుండా పక్క నుంచి మెల్లగా పోయేలా చూసుకోండి.

అపోహ: పాలు తాగితే, బెల్లం తింటే పొగ విరిగిపోతుంది.

పాలు పొట్టలోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి. రెండూ కలిసేది ఎక్కడ? జీఐ రేకు, అంటే జింకు పూత ఉన్న రేకు, ముక్కలతో ప్రాక్టీసు చేసేవాళ్లు ముఖ్యంగా వినాలి. జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది, ఇనుము కరగడానికి దాదాపు 1500 కావాలి. అంటే ఇనుము కరిగేలోపే జింకు మొత్తం తెల్లపొగగా మీ ముక్కు దగ్గర ఉంటుంది. కొన్ని గంటల తర్వాత మలేరియాలా చలి, జ్వరం, ఒళ్లునొప్పులు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది కానీ, అలవాటు చేసుకునే విషయం కాదు. వెల్డ్ చేసే చోట జింకు పూత గీకేయాలి, పొగలకు తగిన మాస్కు పెట్టుకోవాలి. చేతిరుమాలు మాస్కు కాదు.

కళ్లదీ ఇదే కథ. వెల్డింగ్ వెలుగు చూసినప్పుడు ఏమీ అనిపించదు. రాత్రి పడుకోబోయే వేళకు కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. ఆలుగడ్డ ముక్కలు పెట్టుకోవడం చల్లగా హాయిగానే ఉంటుంది. కంట్లో చనుబాలు పిండించుకోవడం మాత్రం వద్దు, ఇన్ఫెక్షన్ తెచ్చుకోకండి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. అసలు అంతదాకా రాకుండా 10వ నంబరు గ్లాసున్న హెల్మెట్ పెట్టుకోండి. "ఒక్క చుక్కే కదా" అని కళ్లు మూసుకుని కొట్టడం మా వాళ్లందరికీ ఉన్న జబ్బు, నాకూ ఉండేది.

అపోహ: అంబాసిడర్‌కి కింద ఛాసీ ఉంటుంది, బాడీ తుప్పు పట్టినా పర్వాలేదు.

లేదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 మూడింటికీ బాడీయే ఛాసీ. డోర్ల కింద బాక్సు కోసేస్తే బండి మధ్యలో కుంగుతుంది, మళ్లీ డోర్లు పట్టవు. కోసే ముందు డోర్ ఫ్రేముకి అడ్డంగా పైపు బిగించుకోవాలి, ఒకేసారి రెండు పక్కలా కోయకూడదు. సీటు బెల్టు బిగించే చోటు, సస్పెన్షన్ కూర్చునే చోటు తుప్పు తిన్నదైతే నేర్చుకునే చేతులతో ముట్టుకోకండి. అక్కడ అనుభవమున్న మేస్త్రికి డబ్బులిచ్చుకోవడమే మంచిది.

మంట సంగతి ఒక్క మాట. బ్యాటరీ తీసెయ్యాలి, ఎర్త్ క్లాంపు పని చేసే చోటి పక్కనే పెట్టాలి, కార్పెట్లు, సీట్లు బయటపడెయ్యాలి. పెట్రోలు ట్యాంకు, పైపు దగ్గరైతే విప్పాల్సిందే. నేనోసారి వెనక సీటు తియ్యడం బద్ధకించి, లోపల ఫోమ్ అంటుకుంటే బకెట్ నీళ్లతో గెంతాను. రేకుకు ఇవతల మీరుంటారు, మంట అవతల మొదలవుతుంది. అందుకే పక్కన ఇంకో మనిషి ఉండాలి.

అపోహ: వెల్డింగ్ అయ్యాక నల్ల అండర్‌కోటింగ్ కొట్టేస్తే ఇక జన్మలో తుప్పు రాదు.

వెల్డ్ వేడికి రేకు వెనకవైపు పెయింట్ మాడిపోతుంది. మనం బయట ఎంత పూసినా లోపల ఉత్త ఇనుము ఉంటుంది. అక్కడికి సన్నని గొట్టంతో మైనం కొట్టాలి. బయట జింకు ప్రైమర్, అతుకు అంచుల్లో సీలర్, ఆ తర్వాతే కోటింగ్. తుప్పు మీద నేరుగా కోటింగ్ కొడితే తడిని లోపల పెట్టి మూత వేసినట్టే.

ఇంకోటి, బాక్సు అడుగున కంపెనీవాళ్లు వదిలిన చిన్న కన్నాలుంటాయి, నీళ్లు పోవడానికి. వరద తర్వాత నా దగ్గరికొచ్చిన ఒక 800కి ఆ కన్నాలన్నీ నల్లకోటింగ్‌తో మూసుకుపోయి ఉన్నాయి. బాక్సు కోస్తే లోపల కిలోల కొద్దీ మట్టి. ఓనరు పాత బిల్లు తీసి చూపించాడు. చాలా ఏళ్ల కిందటి ఆ కోటింగ్ కొట్టింది నేనే.