మందు ఉచితమే, దారే దూరం

అనంతపురం పల్లెల్లో హెచ్‌ఐవీ మందు తెచ్చుకునేవారిలో చాలామంది ఇల్లు చేరకముందే సీసా మీది కాగితం గోటితో గీకేస్తారు. కొందరు మాత్రలను కవరులోకి ఒంపుకుని ఖాళీ సీసాను దారిలోనే పారేస్తారు. సంచిలో మాత్రలు గలగలమంటే బస్సులో పక్కవారు అడుగుతారని భయం. ఈ భయానికి పాత చరిత్ర ఉంది.

దేశంలో హెచ్‌ఐవీ 1986లో చెన్నైలో బయటపడింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఊరి గోడల మీద కనిపించిన మాట ఒక్కటే: దీనికి మందు లేదు. తర్వాత వచ్చిన పులిరాజా అనే ఎయిడ్స్ ప్రచార ప్రకటనలు జబ్బు పేరును ప్రతి నోటా పలికించాయి, నిజమే. కానీ ఊళ్లలో ఆ పేరే ఎగతాళి అయింది. ఎగతాళికి భయపడేవాడు పరీక్షకు ఎలా వస్తాడు?

2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు) ఇవ్వడం మొదలుపెట్టింది. అయితే అవి అందరికీ కాదు. జబ్బులతో పోరాడే సీడీ4 కణాలు ఘన మిల్లీమీటరు రక్తంలో 200 కంటే తగ్గాలి. తర్వాత ఆ హద్దు 350కి, 500కి పెరిగింది. పాజిటివ్ అని తెలిసి, కూలి మానుకుని, రెండు బస్సులు మారి వచ్చిన మనిషికి ‘ఇప్పుడే అవసరం లేదు, ఆరు నెలలకు రండి’ అనే జవాబు దొరికేది. ఒంట్లో బాగున్నవాడు మళ్లీ ఎందుకు వస్తాడు? కొందరు మంచం పట్టాకే తిరిగి వచ్చారు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద నష్టం ఇక్కడే జరిగింది. కణాల లెక్కతో పని లేకుండా అందరికీ మందు ఇవ్వాలన్న నిర్ణయం 2017లో గానీ రాలేదు.

ఆడవాళ్ల కష్టం వేరు. గర్భిణులకు పరీక్ష చేస్తారు కాబట్టి జబ్బు ముందు భార్యలోనే బయటపడుతుంది. భర్త పరీక్షకే రాడు. నింద మాత్రం ఆమెదే.

వలస మరో చిక్కు. కర్నూలు పడమటి మండలాల కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వెళ్తాయి, కదిరి వైపువారు బెంగళూరు పనులకు పోతారు. చేతిలో ఉన్నది నెల మందే అయితే రెండో నెల ఆగిపోతుంది.

బత్తలపల్లిలో ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రి ఇలాంటి రోగులను అక్కున చేర్చుకుంది. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరాలు గోప్యంగా ఉంచాలన్న చట్టం 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చింది. అయినా ఆసుపత్రి వరండాలో హెచ్‌ఐవీ మందులిచ్చే గది ఏదో అందరికీ తెలుసు. అందుకే దగ్గరి కేంద్రం వదిలి, తెలిసిన ముఖం కనబడని ఊరికి టికెట్టు తీసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.