చూడని పురుగుల లెక్క

బ్యాక్టీరియా లాంటివి వదిలేస్తే భూమ్మీద జీవజాతులు 87 లక్షలు, ఓ 13 లక్షలు అటూ ఇటూగా. 2011లో జీవశాస్త్రవేత్త కెమిలో మోరా బృందం చెప్పిన ఈ సంఖ్యే ఇప్పటికీ ఎక్కువగా వినబడుతుంది. అప్పటికి జాబితాకెక్కినవి 12 లక్షలే. మిగతా 75 లక్షలకు పేరే లేదు. పేరైనా లేనివాటిని లెక్కెట్లా కట్టారు? చూసినవాటిలోంచే చూడనివాటి సంఖ్య రాబట్టే ఉపాయాలున్నాయి. వాటికి అమెజాన్ దాకా పోనక్కర్లేదు, నల్లగొండ చెరువు చాలు.

ముందు ఒకే రకం జీవులెన్నో చూద్దాం. వల వేసి 200 బొచ్చె చేపలు పట్టి, పొట్టకింది రెక్క కొన కాస్త కత్తిరించి వదిలేయాలి. వారం పది రోజులకు మళ్లీ వల వేస్తే 150 పడ్డాయి, వాటిలో గుర్తున్నవి 12 అనుకుందాం. రెండోసారి పడ్డవాటిలో గుర్తువి ఎంత వంతో చెరువంతటా అంతే అనుకుంటే, 200ను 150తో హెచ్చించి 12తో భాగిస్తే 2,500. చెరువులో బొచ్చెలు దాదాపు అన్నే ఉన్నట్టు.

సూత్రం ఇంతే. దాన్ని చెడగొట్టేవే ఎక్కువ. చేతుల్లో నలిగి గుర్తు చేపలు కొన్ని చస్తే రెండోసారి తక్కువ పడతాయి, జవాబు పెరిగిపోతుంది. ఒకసారి పడ్డ చేప వలకు బెదిరినా అంతే. మర్నాడే, వదిలిన చోటే వల వేస్తే గుర్తువే గుంపుగా పడి జవాబు తగ్గుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు వానలతో. మనవి గొలుసుకట్టు చెరువులు. మత్తడి దూకిందంటే పై చెరువు చేపలు వచ్చి కలుస్తాయి, ఇక్కడివి దిగువకు పోతాయి. ఇక ఆ లెక్క మొదటి రోజుదీ కాదు, చివరి రోజుదీ కాదు.

అమ్రాబాద్ అడవిలో పులులకూ ఇదే పద్ధతి, కత్తిరింపు లేకుండా. చారలే గుర్తు. అయితే ఒకే పులికి కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్కవి వేరు. అందుకే దారికి అటొకటి ఇటొకటి కెమెరా కడతారు, కొంచెం ఎడంగా జరిపి. సరిగ్గా ఎదురెదురుగా పెడితే ఒకదాని ఫ్లాష్ రెండోదాని ఫొటోను పాడుచేస్తుంది.

జాతులెన్ని అనేది వేరే ప్రశ్న. పాలమూరు చెలకలో పది ప్లాస్టిక్ గ్లాసులు, ఐదేసి మీటర్ల దూరంలో, అంచు నేలకు సమంగా ఉండేలా పాతాలి. అంచు ఏ కాస్త పైకి లేచినా చీమ చుట్టు తిరిగి పోతుంది. మూడో వంతు ఉప్పునీళ్లు పోసి, రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలపాలి. సబ్బు లేకపోతే సాలీడు నీటి మీద తేలి, పాకి బయటపడుతుంది. వాన నీళ్లు నిండకుండా చిన్న రాళ్ల మీద పెంకు కప్పాలి. కొత్తగా తవ్విన మట్టికి చీమలు ఎగబడతాయి కాబట్టి వారం పాటు మూత పెట్టి ఉంచి, ఆ తర్వాతే తెరవాలి.

మూడు రోజులకు వడగడితే 46 రకాలు తేలాయనుకుందాం. వాటిలో ఒక్కటంటే ఒక్కటే దొరికిన రకాలు 18, రెండేసి దొరికినవి 6. ఒంటరివి ఇన్నున్నాయంటే అసలు పడనివి ఇంకా చాలా ఉన్నట్టే. తైవాన్ గణాంకవేత్త ఆన్ చావో 1984లో ఇచ్చిన సూత్రం ప్రకారం, ఒంటరివాటి వర్గాన్ని జంటల రెట్టింపుతో భాగించాలి. 324ను 12తో భాగిస్తే 27. మొత్తం 73, అదీ కనీసం. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఒకే పుట్టలోని పెద్దతల చీమను, చిన్నతల చీమను రెండు జాతులుగా రాసేస్తారు. దొంగ ఒంటరివి పెరుగుతాయి, సూత్రం వాటిని వర్గం చేసి మరీ పెంచుతుంది. ఎండాకాలం గ్లాసుల్లో ఆరుద్ర పురుగు ఎలాగూ పడదు, అది తొలకరికి నేల తడిస్తేనే పైకొస్తుంది. (పురుగంటాం గానీ ఎనిమిది కాళ్లది, సాలీడుకు చుట్టం.) ఆ లోటును ఏ సూత్రమూ పూడ్చలేదు.

చెలక నుంచి భూగోళానికి దూకినప్పుడే అసలు తేడాలొస్తాయి. 1982లో కీటక శాస్త్రవేత్త టెర్రీ ఎర్విన్, పనామాలో ఒకే జాతి చెట్లు 19 ఎంచుకుని, పొగమందు కొట్టి రాల్చిన పెంకుపురుగుల్లో 163 జాతులు ఆ చెట్టుకే ప్రత్యేకమనుకున్నాడు. ఉష్ణమండల చెట్ల జాతులు 50,000 కాబట్టి పెంకుపురుగులు 81.5 లక్షలు. కీటకాలు, సాలీళ్ల లాంటి కీళ్లకాళ్ల జీవుల్లో అవి 40 శాతమనుకుంటే మొత్తం 2 కోట్లు. నేల మీదివి ఇంకో కోటి. వెరసి 3 కోట్లు! గుణింపులో తప్పులేదు. 163 దగ్గరే బలం లేదు. ఒకే పురుగు దగ్గరి చుట్టాలైన చెట్లను పంచుకు తింటుందని న్యూగినియా అడవుల్లో తేలాక ఈ అంచనా చాలా దిగింది. మోరా బృందం చెట్ల జోలికి పోలేదు. జాతులను చేర్చే పెద్ద గుంపులైన తరగతులు, కుటుంబాలు, ప్రజాతులు చాలావరకు తెలిసిపోయాయి కాబట్టి, వాటి సంఖ్యలు మెట్టుమెట్టుకూ పెరిగే తీరును జాతుల దాకా పొడిగించింది.

సూక్ష్మజీవుల దగ్గర ఈ లెక్కలు ఇంకా తడబడతాయి. 2016 అంచనా లక్ష కోట్ల జాతులంది. 2019లో ప్రపంచం నలుమూలల నమూనాల డీఎన్‌ఏను పోల్చి వేసిన మరో అంచనా బ్యాక్టీరియా, వాటిలాగే కనిపించే ఏకకణ జీవులైన ఆర్కియా కలిపి 8 నుంచి 16 లక్షలే అంది. అసలు వాటిలో జాతంటే ఏమిటో చెప్పడమే కష్టం. 16ఎస్ అనే జన్యువు 97 శాతం కలిస్తే ఒకే రకమని వాడుక. ఆ గీతను 99కి జరిపితే, నమూనాలో కొత్తగా ఒక్క కణమూ చేరకుండానే, రకాల సంఖ్య పెరిగిపోతుంది.