పటంలో హారం ఉంటే బీరువాలోనూ ఉండాలా?

పాత తైలవర్ణ చిత్రాలను బాగుచేయడం నా వృత్తి. నాలుగు తరాలుగా హాలులో వేలాడిన పటాన్ని దుప్పటిలో చుట్టుకుని తెస్తారు. దుప్పటి విప్పగానే ఊడిపోతున్న రంగు గురించి కాదు, తాతమ్మ మెడలోని నగ గురించి అడుగుతారు. ఇది విని విని విసుగొచ్చి రాస్తున్నాను.

అపోహ: పటంలో కనబడే పట్టుబట్టలు, నగలు అన్నీ ఆ మనిషివే.

వాస్తవం: కావచ్చు, కాకపోవచ్చు. పటం ఆస్తుల జాబితా కాదు. ప్రభువులైనా, జమీందారులైనా లోకానికి ఎలా కనబడాలనుకున్నారో అలా వేయించుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో చాలా పటాలకు ముఖం ఒకరు వేస్తే, బట్టలు మరొకరు వేసేవారు. 1749లో చనిపోయిన జోసెఫ్ వాన్ ఏకెన్ బతుకుతెరువే అది. అలన్ రామ్‌సే, థామస్ హడ్సన్ వంటివారు ముఖం పూర్తిచేస్తే ఆయన పట్టు మడతలు, లేసులు దిద్దేవాడు. ముఖాలు వేరైనా గౌను ఒకటే అన్నట్టుండే పటాలు అందుకే కనబడతాయి. ఆ దొరసాని ఆ గౌనును ఒక్కసారైనా తొడుక్కుందని ఎవరు చెప్పగలరు? గెయిన్స్‌బరో వేసిన 'నీలి దుస్తుల బాలుడు' 1770లో ప్రదర్శనకు వచ్చింది. ఆ పిల్లవాడి ఒంటి మీద ఉన్నది అంతకుముందు శతాబ్దపు చిత్రకారుడు వాన్ డైక్ కాలపు వేషం. వాన్ డైక్ పోయింది 1641లో! ఇక 1776లో చిత్రకారుడు జాషువా రేనాల్డ్స్ లండన్ చిత్రకళా సంస్థ రాయల్ అకాడమీలో ఉపన్యసిస్తూ, స్త్రీమూర్తికి హుందాతనం కావాలంటే ఆనాటి దుస్తుల్లో వేయవద్దనే చెప్పాడు. రోజూ చూసే బట్టలు గౌరవాన్ని తగ్గిస్తాయని ఆయన వాదన.

లండన్ గొడవ మనకెందుకు అంటారా? ఒక ఇంటి సంగతి చెబుతాను. తాతమ్మ పటంలో రెండు పేటల కెంపుల హారం ఉంది. బీరువాలో లేదు. చిన్నకోడలు పుట్టింటికి చేరవేసిందని ఎవరో అన్నారు, అంతే. ముప్పై ఏళ్లు ఆ మాట ఆవిడ వెంట తిరిగింది. అన్నదమ్ములు ఒకరి ఇంటి శుభకార్యానికి ఒకరు వెళ్లడం మానేశారు. ఫ్రేముకు చెదలు పట్టడంతో పటం నా బల్ల మీదికి వచ్చింది.

సూక్ష్మదర్శిని కింద చూస్తే, హారపు ఎర్రరంగు కింది పొర పగుళ్లలోకి దిగి ఉంది. మొదటి బొమ్మతో పాటు వేసిన హారమైతే ఆ పగుళ్లు హారాన్ని కూడా చీల్చుకుంటూ పోవాలి. ఇక్కడ బొమ్మ ఆరి, పాతబడి, పగిలాక ఎవరో హారం దిద్దారు. అతినీలలోహిత కాంతిలో కూడా ఆ మేరకే, తరవాత దిద్దిన రంగులా, నల్లగా కనబడింది. ఎవరు దిద్దించారో నాకు తెలియదు. పెళ్లిచూపులకు వచ్చేవారి కంటపడాలని అయి ఉంటుందని నా అనుమానం. చిన్నకోడలికి ఇప్పుడు ఎనభై దాటాయి. ఫోనులో చెబితే కాసేపు పలకలేదు. తరవాత, "అమ్మాయీ, ఆ మాట కాగితం మీద రాసిస్తావా?" అన్నారు. రాసి, సంతకం చేసి పంపాను.

మిగతావి గబగబా.

అపోహ: అయితే బట్టలన్నీ కల్పనే, ముఖమే ముఖ్యం.

అలాగని కాదు. 1783లో విజే లెబ్రన్ ఫ్రాన్సు రాణి మరీ ఆంత్వానెత్‌ను తెల్లని మస్లిన్ (పలుచని నూలు) గౌనులో వేసింది. రాణి లోదుస్తులతో కూర్చుందని జనం గోల చేస్తే పటాన్ని ప్రదర్శన నుంచి తీసేసి, పట్టుగౌనులో మరొకటి పెట్టారు. ముఖం మీద ఎవరికీ ఫిర్యాదు లేదు.

అపోహ: రవివర్మ పేరుంది కాబట్టి కోట్లు పలుకుతుంది.

ఆయన బొమ్మలను అచ్చువేసే యంత్రం బొంబాయిలో 1894లోనే మొదలైంది. భూతద్దంలో చుక్కలు కనబడితే మీ దగ్గరున్నది అచ్చు. దళారికి అడ్వాన్సు ఇచ్చే ముందు చూడండి, ఇచ్చాక నా దగ్గరకు రాకండి.

అపోహ: బంగాళాదుంప ముక్కతో రుద్దితే మెరుస్తుంది.

మెరుస్తుంది, ఆ పిండిపదార్థం పగుళ్లలో చేరి బూజు పట్టేదాకా. పైగా మన ఇళ్లలో తైలవర్ణం అనుకునేవాటిలో కొన్ని రంగులద్దిన ఫోటోలు. వాటికి తడిగుడ్డ తగిలినా తాతగారి తలపాగా గుడ్డకు అంటుకుని వచ్చేయవచ్చు. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపండి. రంగు పెచ్చులు లేస్తూ ఉంటే అది కూడా వద్దు.